డిస్కు బ్రేకు సైకిలు ఫ్రేము: ముందుగా చూడవలసింది మర ఎక్కడ ఉందో

సాలూరు నుంచి సుంకి ఘాటీ మీదుగా కొరాపుట్ ఎక్కే జాతీయ రహదారి 26 మీద గానీ, కొరాపుట్ నుంచి లక్ష్మీపూర్ మీదుగా రాయగడ వచ్చే దారిలో గానీ సైకిలు తొక్కేవారికి ఎక్కడం కంటే దిగడమే పరీక్ష. కొరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంటే, రాయగడ సుమారు 200 మీటర్ల ఎత్తున ఉంది. అందుకే ఈ ఆంధ్ర–ఒడిశా సరిహద్దు జిల్లాల్లో గేర్ల సైకిలు కొనబోయేవారు మొదట అడిగే ప్రశ్న డిస్కు బ్రేకు ఉందా లేదా అన్నదే. ఆ బ్రేకు ఫ్రేముకు ఏ పద్ధతిలో బిగించి ఉందో మాత్రం దాదాపు ఎవరూ అడగరు. నిజానికి క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు రెండు పక్కల నుంచి నొక్కే భాగం) పాడైతే మార్చుకోవచ్చు, ప్యాడ్లు ఏటా మారేవే, డిస్కు ప్లేటు కూడా అరిగిపోయే వస్తువే. క్యాలిపర్‌ను పట్టి ఉంచే చోటు మాత్రం ఫ్రేములో భాగం, అది ఫ్రేముతోనే వచ్చి ఫ్రేముతోనే పోతుంది.

ఆ చోటును తయారుచేసే పద్ధతులు ఇప్పుడు వాడుకలో మూడున్నాయి: ఐఎస్ (ఇంటర్నేషనల్ స్టాండర్డ్) మౌంటు, పోస్టు మౌంటు, ఫ్లాట్ మౌంటు. బ్రేకు విప్పి పక్కన పెడితే వీటిని గుర్తుపట్టడం కష్టం కాదు. ఇరుసు పక్కన, ఫ్రేముకు అతికిన పలుచని రేకులాంటి చెవికి రెండు బెజ్జాలు ఉండి, వాటిలోంచి చూపు అవతలికి పోతుంటే అది ఐఎస్. ఆ రెండు బెజ్జాల మధ్య దూరం 51 మిల్లీమీటర్లు. బోల్టులు అడ్డంగా, అంటే ఇరుసు ఉన్న దిశలోనే దూరుతాయి. రేకుకు బదులు రెండు చిన్న దిమ్మెలు పొడుచుకువచ్చి, వాటి తలలో మరలు కోసిన గుంటలు ఉండి, బోల్టులు చక్రం తిరిగే తలానికి సమాంతరంగా దిగుతుంటే అది పోస్టు మౌంటు. గుంటల మధ్య దూరం 74 మిల్లీమీటర్లు. దిమ్మెలూ లేక, చెవులూ లేక, చైన్‌స్టే అనే కింది వెనక గొట్టం మీద చదునైన చోటు మాత్రమే ఉండి, బోల్టులు గొట్టం అడుగు నుంచి పైకి వస్తుంటే అది ఫ్లాట్ మౌంటు. దీన్ని 2014లో షిమానో సంస్థ రోడ్డు సైకిళ్ల కోసం ప్రవేశపెట్టింది. వెనక బోల్టుల మధ్య దూరం 34 మిల్లీమీటర్లే.

ఏది తేలిక, ఏది చూడముచ్చట, ఏది కొత్తది అన్న పోలికలకు లోటు లేదు. అయితే విడిభాగం కావాలంటే విశాఖపట్నం నుంచి పార్సిలు రావలసిన ఊళ్లలో ఉండేవారికి వాటికంటే ముందు ఇంకొక ప్రశ్న ఉంది: మర, అంటే బోల్టు తిరిగి బిగుసుకునే మెలికల గాడి, ఎక్కడ కోసి ఉంది? ఫ్రేములోనా, విడిగా మార్చుకోగలిగిన ముక్కలోనా?

బ్రేకు బోల్టులను జీవితకాలంలో ఎన్నోసార్లు విప్పుతారు. ప్యాడ్లు మార్చేటప్పుడు, డిస్కు వంకర తీయించాక క్యాలిపర్‌ను మళ్లీ సర్దేటప్పుడు, కొత్త డిస్కు వేసేటప్పుడు, కొన్నిసార్లు కేవలం కీచుమనే చప్పుడు పోతుందేమోనన్న ఆశతో కూడా విప్పుతారు. విప్పిన ప్రతిసారీ మర కొంత అరుగుతుంది. జూన్ నుంచి అక్టోబరు వరకు ఈ కొండదారుల ఎర్రమట్టి బురద బోల్టు తలలోని ఆరు పలకల గుంటలో చేరి ఎండి ఇటుకలా గట్టిపడుతుంది; దాన్ని సూదితోనో స్పోకు ముక్కతోనో తవ్వి తీయకుండా అలెన్ కీ పెడితే కీ సగమే దిగుతుంది, సగం దిగిన కీ తిప్పితే గుంట పలకలు గుండ్రంగా అరిగిపోతాయి. క్యాలిపర్ బోల్టుకు చాలా తయారీదారులు చెప్పే బిగువు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. పది సెంటీమీటర్ల పొడవున్న కీ చివర ఏడు కిలోల బరువు వేలాడదీస్తే ఎంతో, ఇంచుమించు అంతే. అరచేతి బలమంతా పెట్టి, పైగా కీకి పైపు తొడిగి బిగించే అలవాటు లారీ చక్రాలకు నప్పుతుంది గానీ అల్యూమినియంలో కోసిన ఆరు మిల్లీమీటర్ల మర ఆ బలానికి ఆగదు. బోల్టు ఎంత తిప్పినా బిగియకుండా తిరుగుతూనే ఉండి, బయటికి తీసి చూస్తే దాని మరల మధ్య సన్నని వెండి దారంలా అల్యూమినియం చుట్టుకుని వస్తే ఆ మర పోయినట్టే.

ఈ ప్రమాదం పోస్టు మౌంటు ఫ్రేములో జరిగితే పోయింది ఫ్రేము మర. దాన్ని బాగుచేయలేమని కాదు. గుంటను కొంచెం పెద్దదిగా తొలిచి, కొత్త మర కోసి, హెలికాయిల్ అనే ఉక్కు తీగచుట్టను అందులో దించితే మొదటి మర కంటే గట్టిగానే నిలుస్తుంది. కొరాపుట్ జిల్లా జైపూర్‌లోనో రాయగడలోనో మోటారు సైకిలు ఇంజన్లకు ఇలాంటి పని చేసే లేత్ షాపులు దొరుకుతాయి. చిక్కల్లా గుంట నిటారుగా తొలవడంలో ఉంది. డ్రిల్లు ఒక డిగ్రీ పక్కకు వంగితే క్యాలిపర్ కూడా అంతే వంగి కూర్చుంటుంది, ఆ తర్వాత డిస్కుకు ప్యాడ్లు ఎప్పటికీ సమంగా ఆనవు. ఇంజన్ను బల్ల మీద బిగించవచ్చు. సైకిలు ఫ్రేమును డ్రిల్లు కింద కదలకుండా నిలబెట్టడం అంత సులువు కాదు.

ఐఎస్ ఫ్రేములో ఇదే పొరపాటు జరిగితే పరిణామం వేరు. ఫ్రేము చెవిలోని బెజ్జాలకు అసలు మరలే ఉండవు. ఇప్పుడు బజారులో దొరికే క్యాలిపర్లు దాదాపు అన్నీ పోస్టు మౌంటువో ఫ్లాట్ మౌంటువో కనుక, ఐఎస్ ఫ్రేముకూ క్యాలిపర్‌కూ మధ్య ఒక అడాప్టరు తప్పదు; అడ్డంగా దూరిన బోల్టులు ఆ అడాప్టరు మరల్లోకి బిగుస్తాయి, క్యాలిపర్ బోల్టులు కూడా దాని మరల్లోకే దిగుతాయి. అంటే అరిగే మరలన్నీ అరచేతిలో ఇమిడే ఆ ముక్కలోనే ఉన్నాయి. అది పాడైతే అంతమేరకే నష్టం, ఫ్రేముకు గీత కూడా పడదు. అడాప్టరు వల్ల కొన్ని పదుల గ్రాముల బరువు, రెండు అదనపు బోల్టులు, వదులయ్యే అవకాశమున్న అతుకు ఒకటి ఎక్కువ అవుతాయన్నది నిజమే. అయితే ఘాటీ దారిలో క్యారియరు మీద పాతిక కిలోల సామాను కట్టుకుని పోయేవారు ఆ గ్రాములను లెక్కపెట్టడం సామాను తీసివేసి తాడు బరువు తూచడం లాంటిది.

పోస్టు మౌంటు పక్షాన చెప్పే బలమైన వాదం సర్దుబాటు సౌలభ్యం. క్యాలిపర్ చెవుల్లో బెజ్జాలు కోడిగుడ్డు ఆకారంలో పక్కలకు సాగి ఉంటాయి. రెండు బోల్టులనూ కొద్దిగా వదులుచేసి, బ్రేకు లివరు నొక్కి పట్టుకుంటే ప్యాడ్లు డిస్కును పట్టుకుని క్యాలిపర్ తనంతట తాను మధ్యకు వస్తుంది. అలాగే పట్టుకుని బోల్టులను కొంచెం కొంచెంగా, ఒకదాని తర్వాత ఒకటి బిగిస్తే పని పూర్తవుతుంది. పాత ఐఎస్ క్యాలిపర్లలో కాగితం మందం వాషర్లను ఒక్కొక్కటీ వేసి తీసి చూడవలసి వచ్చేది, ఆ పనికి ఓపికే పెట్టుబడి. ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఈ సౌలభ్యం పోస్టు మౌంటు క్యాలిపర్‌ది, పోస్టు మౌంటు ఫ్రేముది కాదు. ఐఎస్ ఫ్రేముకు అడాప్టరు వేసి అదే క్యాలిపర్‌ను బిగించినా ఆ సాగిన బెజ్జాలు అలాగే పనిచేస్తాయి. కాబట్టి సర్దుబాటు పేరుతో ఐఎస్ ఫ్రేమును పక్కన పెట్టనక్కర లేదు.

పక్కలకు జరపడం వేరు, వంపు తీయడం వేరు. చెవి గానీ దిమ్మె గానీ ఇరుసుతో సరైన కోణంలో లేకపోతే సాగిన బెజ్జాలు దాన్ని సరిచేయలేవు. అలాంటి ఫ్రేములకు కర్మాగారంలో గానీ మంచి పనిముట్లున్న షాపులో గానీ క్యాలిపర్ ఆనే ముఖాన్ని చదునుగా చెక్కిస్తారు. చాలాసార్లు మందంగా పడిన రంగు పొరే దోషి, దాన్ని గీకేస్తే సరిపోతుంది. చెక్కే పనిముట్టు చిన్న ఊళ్లలో ఉండదు. ఉక్కు ఫ్రేము ఐఎస్ చెవి కొద్దిగా వంగితే పెద్ద స్పానరుతో పట్టుకుని నెమ్మదిగా నిలబెట్టవచ్చు, అది ఉక్కుకు ఉన్న గుణం. అల్యూమినియం చెవిని అలా వంచితే బీట పడుతుంది. కొన్ని క్యాలిపర్లతో గిన్నె ఆకారపు వాషర్ల జతలు వస్తాయి, అవి ఒకదానిలో ఒకటి జారి కొంత వంపును మింగుతాయి. అవి ఉన్న బ్రేకును విప్పినప్పుడు వాటి వరుసను ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే తిరగబడిన గిన్నె ఉపయోగపడకపోగా బోల్టును వదులుచేస్తుంది.

ఇక డిస్కు పరిమాణం సంగతి. మనిషి, సైకిలు, సామాను కలిపి వంద కిలోలు అనుకుందాం. మూడు వందల మీటర్ల ఎత్తు నుంచి నెమ్మదిగా, బ్రేకు వదలకుండా దిగితే బ్రేకులు మింగవలసిన శక్తి దాదాపు 294 కిలోజూళ్లు. ముప్పై డిగ్రీల వేడి ఉన్న లీటరు నీటిని మరిగించడానికి ఇంచుమించు అంత వేడే కావాలి. 160 మిల్లీమీటర్ల ఉక్కు డిస్కు బరువు వంద గ్రాములకు కొంచెం పైన మాత్రమే. ముందూ వెనకా ఉన్న అలాంటి పలుచని రేకులు రెండూ కలిసి ఆ వేడిని గాలికి వదలాలి. వేగంగా దిగితే గాలి ఒత్తిడి కొంత భారం మోస్తుంది, బ్రేకు మీద పడేది తగ్గుతుంది. బరువుతో, గోతుల రోడ్డు మీద, మలుపు మలుపుకూ లారీ ఎదురయ్యే దారిలో ఆ స్వేచ్ఛ ఉండదు. డిస్కును 160 నుంచి 180కి పెంచితే అదే వేలి ఒత్తిడికి సుమారు 12 నుంచి 14 శాతం ఎక్కువ బ్రేకు బలం వస్తుంది, వేడిని వదిలే ఉపరితలం కూడా పెరుగుతుంది. కనీసం ముందు చక్రానికైనా 180 వేసుకునే వీలున్న ఫోర్కు ఈ దారులకు తగినది.

ఆ వీలు ఉందో లేదో మౌంటే చెబుతుంది. అడాప్టరు క్యాలిపర్‌ను ఇరుసు నుంచి దూరం జరపగలదు గానీ దగ్గరికి లాగలేదు. 160కి కోసిన పోస్టు మౌంటుకు అడాప్టరు వేసి 180కి పోవచ్చు. మొదటే 180కి కోసిన దానికి 160 డిస్కు వేయడం కుదరదు. పెంచే దిశలో కూడా ఫ్రేము తయారీదారు చెప్పిన గరిష్ఠ పరిమాణాన్ని దాటకూడదు, దాటితే పెరిగిన బలమంతా సన్నని గొట్టం మీద పడుతుంది.

పోస్టు మౌంటు ఫ్రేము ఇప్పటికే ఇంట్లో ఉన్నవారికి ఇక్కడే ఒక ఉపాయం ఉంది. పరిమాణం పెంచే అడాప్టర్లు రెండు రకాలు. ఒక రకంలో పొడవాటి బోల్టులు క్యాలిపర్‌నూ అడాప్టరునూ దాటి నేరుగా ఫ్రేములోకి దిగుతాయి. ఇంకొక రకంలో అడాప్టరు తన సొంత బోల్టులతో ఫ్రేముకు బిగుస్తుంది, క్యాలిపర్ అడాప్టరు మరల్లోకి బిగుస్తుంది. ఫ్రేము అనుమతిస్తే రెండో రకాన్ని ఒకసారి శ్రద్ధగా బిగించి ఇక ముట్టుకోకుండా వదిలేస్తే, ఆ తర్వాత విప్పి బిగించేదంతా అడాప్టరులోనే జరుగుతుంది. డిస్కు పెద్దదవుతుంది, ఫ్రేము మరకు విశ్రాంతి దొరుకుతుంది; ఐఎస్ ఇచ్చే ముఖ్యమైన లాభం పోస్టు మౌంటుకు దొంగదారిన వచ్చినట్టే.

ఐఎస్ అడాప్టరు కొనేటప్పుడు ఒక తికమక తరచుగా ఎదురవుతుంది. అడాప్టరు మీద ఎఫ్ 160, ఆర్ 140 అని రెండు అంకెలు చెక్కి ఉంటాయి. ఒకే ముక్క ముందు ఫోర్కుకు వేస్తే 160 డిస్కుకు, వెనక ఫ్రేముకు వేస్తే 140 డిస్కుకు సరిపోతుందని దాని అర్థం, ఎందుకంటే వెనక ఐఎస్ చెవి ఇరుసుకు ఇంకాస్త దగ్గరగా ఉంటుంది. వెనక 160 డిస్కు కావాలంటే ఎఫ్ 180, ఆర్ 160 అని ఉన్నదే తీసుకోవాలి. ఈ తేడా తెలియక ముందు అడాప్టరును వెనక బిగిస్తే క్యాలిపర్ పది మిల్లీమీటర్లు కిందికి దిగి డిస్కు అంచు దాని లోపలి గోడకు తగులుతుంది. చక్రం తిరగదు, తప్పేమో డిస్కుదని మార్చబోతారు. దూరపు ఊరి నుంచి తెప్పించుకునేవారు ఏ అంకె కావాలో ముందే రాసిచ్చి పంపడం వల్ల ఒక పార్సిలు ఖర్చు, నాలుగు రోజుల కాలం మిగులుతాయి.

ఫ్లాట్ మౌంటు గురించి ఇక్కడ ఎక్కువ చెప్పవలసింది లేదు. మర విషయంలో దానికి ఒక న్యాయం చేయాలి: వెనక బోల్టులు చైన్‌స్టే గుండా వచ్చి క్యాలిపర్ మరల్లోకి బిగుస్తాయి కనుక అక్కడ ఫ్రేములో మర లేదు. మర పోతే మాత్రం మారేది చవకైన అడాప్టరు కాదు, క్యాలిపరే. ముందు వైపు క్యాలిపర్‌కూ ఫోర్కుకూ మధ్యలో ఒక పలక ఉంటుంది, దాన్ని తిప్పి వేస్తే 140 లేదా 160 డిస్కు పడుతుంది. బోల్టు పొడవు చైన్‌స్టే మందాన్ని బట్టి మారుతుంది, అయిదు మిల్లీమీటర్ల తేడాతో రకరకాల పొడవుల్లో వస్తాయి, ఒకటి పారేసుకుంటే ఇంటి దగ్గర హార్డ్‌వేర్ దుకాణంలో దొరికిన బోల్టుతో సర్దుకోలేము: పొట్టిదైతే మర చాలదు, పొడవుదైతే క్యాలిపర్‌లో అడుగు తగులుతుంది. పెద్ద డిస్కులకు పోవడానికి దారి ఇరుకు. బరువు మోసే ఘాటీ సైకిలుకు ఇది మొదటి ఎంపిక కాదు, తేలికైన రోడ్డు సైకిలుకు మాత్రం దీన్ని తప్పుపట్టనక్కరలేదు.

క్యారియరు ప్రస్తావన లేకుండా ఈ ప్రాంతపు సైకిలు గురించి మాట్లాడడం అసంపూర్ణం. సంతకు కూరగాయల గంపలు, పాల క్యానులు, ఇంటికి బియ్యం బస్తా, అన్నీ వెనకే. వెనక క్యాలిపర్ సీటు కింద నుంచి ఏటవాలుగా దిగే గొట్టానికి బయటి వైపు ఉంటే క్యారియరు కాలు దానికి అడ్డం వస్తుంది. మెకానిక్ ఆ కాలును వంచుతాడు, లేదా నాలుగు వాషర్లు పేర్చి దూరం జరుపుతాడు. వాషర్ల గుట్ట మీద నిలిచిన కాలు మీద బరువు పడితే బోల్టు వంగుతుంది, చివరికి తెగుతుంది. క్యాలిపర్ ఆ గొట్టానికీ చైన్‌స్టేకూ మధ్య ఉండే త్రికోణంలో ఇమిడి ఉంటే క్యారియరుకు దారి ఖాళీ. ఐఎస్ అయినా పోస్టు మౌంటు అయినా ఈ రెండు చోట్లలో ఎక్కడైనా ఉండవచ్చు, కాబట్టి పేరు చూసి ఊరుకోకుండా ఫ్రేమును ఎడమ వైపు నుంచి చూడాలి.

ముందు ఫోర్కు విషయంలో భద్రత ఇంకొంచెం సూక్ష్మమైనది. క్యాలిపర్ ఎడమ కాలికి వెనక ఉండడం వల్ల, బ్రేకు గట్టిగా పట్టినప్పుడు ఇరుసును ఫోర్కు గాడి నుంచి కిందికి నెట్టే బలం పుడుతుంది. గాడి చివర అంచులు ఉండే ఫోర్కుల్లో అవి ఇరుసును ఆపుతాయి. గాడి ముందుకు తిరిగి ఉన్న ఫోర్కు ఇంకా మేలు, ఇరుసు ఫోర్కు గుండా దూరి బిగిసే రకమైతే ఈ భయమే లేదు. త్వరగా విప్పే లివరు ఉన్న సైకిలుకు ఘాటీ పైన ఒకసారి లివరు బిగువు చూసుకోవడానికి అర నిమిషం చాలు.

చివరిగా, పాత రిమ్ము బ్రేకు సైకిలుకు ఐఎస్ చెవిని వెల్డింగు చేయించి డిస్కు వేయించుకునే ఆలోచన. ఐఎస్ చెవి చదునైన రేకు కనుక అతికించడం తేలికనిపిస్తుంది, ఖర్చూ తక్కువే. రిమ్ము బ్రేకు కోసం చేసిన ఫోర్కు కాలు బ్రేకు బలాన్ని పైన, తల దగ్గర మోయడానికి తయారైంది. డిస్కు అదే బలాన్ని కింద, ఇరుసు పక్కన, అదీ ఒక్క కాలి మీదే వేస్తుంది. అల్యూమినియం అయితే కర్మాగారంలో వేడితో తెచ్చిన గట్టిదనం వెల్డింగు చేసిన చోట పోతుంది కూడా. ముందు చక్రానికి డిస్కే కావాలనుకుంటే డిస్కు కోసమే చేసిన ఫోర్కు, ఆరు బోల్టుల డిస్కు పట్టే హబ్బుతో చక్రం, రెండూ కలిపి మార్చాలి; వెనక చక్రానికి మాత్రం ఉన్న రిమ్ము బ్రేకుకే కొత్త రబ్బరు షూలు, కొత్త కేబులు వేసి ఉంచుకోవచ్చు.